డాష్‌బోర్డులోని ఆయిల్ ప్రెషర్ గేజ్ నిజం చెబుతోందా? మీరే తేల్చుకునే పద్ధతి

"బాగా వేడెక్కాక ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ నడుస్తున్నప్పుడు) ముల్లు కిందికి దిగిపోతోంది, ఇంజిన్ పోయినట్టేనా?" అని ఒకరు అడుగుతారు. "మా కారులో ముల్లు ఎప్పుడు చూసినా సరిగ్గా మధ్యలోనే ఉంటుంది, అంతా బాగున్నట్టేగా?" అని ఇంకొకరు అడుగుతారు. నేను ముందు అనుమానించేది ఈ రెండోవారి గేజ్‌నే. ఆయిల్ వేడిని బట్టి, ఇంజిన్ వేగాన్ని బట్టి ప్రెషర్ మారి తీరాలి. మారకుండా నిలబడ్డ ముల్లు ప్రెషర్‌ను కొలవడం లేదన్నమాట. నిండు కుండ తొణకదన్న సామెత ఇక్కడ పనికిరాదు.

కంపెనీ బిగించిన గేజ్‌ను నమ్మాలా వద్దా అన్నది చర్చలతో తేలేది కాదు, పక్కన ఇంకో గేజ్ పెట్టి కొలిస్తే తేలుతుంది. పానాలు పట్టుకోవడం అలవాటున్నవాళ్లకు ఇది సగం రోజు పని. అలవాటు లేనివాళ్లు కూడా 4వ మెట్టు వరకు సొంతంగా చేసుకోవచ్చు.

1. ఎర్ర లైటు ఇప్పుడే వెలుగుతుంటే

ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ లైటు వెలిగితే బండిని పక్కకు తీసి వెంటనే ఇంజిన్ ఆపేయండి. "ఇంకో రెండు కిలోమీటర్లే కదా" అనుకోవద్దు.

చాలా కార్లలో ఆ లైటును వెలిగించే స్విచ్ 0.3 నుంచి 0.5 బార్ మధ్య, అంటే సుమారు 4 నుంచి 7 పీఎస్ఐ దగ్గర పనిచేస్తుంది. హైవే మీద ఇంజిన్‌కు 3 బార్ కావాల్సిన సమయంలో ప్రెషర్ 1 బార్‌కు పడిపోయినా ఈ లైటు వెలగదు. అది వెలిగే సరికి బేరింగులు నూనె లేకుండా తిరుగుతుండొచ్చు. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు ఉంటుంది దాని వ్యవహారం.

- ఐదు నిమిషాలు ఆగి డిప్‌స్టిక్ చూడండి.
- ఆయిల్ తక్కువగా ఉంటే నింపి స్టార్ట్ చేయండి. కొన్ని సెకన్లలో లైటు ఆరకపోతే మళ్లీ ఆపేయండి.
- ఆయిల్ సరిపడా ఉన్నా లైటు వెలుగుతుంటే బండిని లాగించుకుని వెళ్లండి. స్విచ్ పాడై ఉంటుందన్న ఆశతో నడపొద్దు.

2. మీ గేజ్ ఏ రకమో ముందు తెలుసుకోండి

ఈ మెట్టు దాటేసినవాళ్లు తర్వాత చేసే పని సగం వృథా అవుతుంది. డాష్‌బోర్డు మీద కనిపించేవి నాలుగు రకాలు.

లైటు మాత్రమే ఉన్నవి మొదటి రకం. వీటికి స్విచ్ ఒక్కటే ఉంటుంది. అది అవునో కాదో చెబుతుంది తప్ప ఎంతో చెప్పదు. కొన్ని పాత ఫోక్స్‌వాగన్, ఆడి ఇంజిన్లలో ఈ లోటు తీర్చడానికి రెండు స్విచ్‌లు పెట్టారు. ఒకటి 0.3 బార్ దగ్గర పనిచేస్తుంది. రెండోది 1.8 బార్ దరిదాపుల్లోది, ఇంజిన్ సుమారు 2000 ఆర్‌పీఎం దాటాకే దాన్ని పట్టించుకుని బజర్ మోగిస్తారు. తెలివైన ఏర్పాటే.

రెండో రకం ఉత్తుత్తి గేజ్. పైకి ముల్లు, అంకెలు, లేదా ఎల్, హెచ్ అక్షరాలు ఉంటాయి. కింద ఇంజిన్ దగ్గర ఉన్నది మాత్రం స్విచ్చే. ప్రెషర్ 6, 7 పీఎస్ఐ దాటగానే ముల్లు మధ్యలోకి వచ్చి నిలబడుతుంది, ఇంజిన్ ఆపేదాకా అక్కడే ఉంటుంది. 1980ల చివరి నుంచి ఫోర్డ్ పికప్ ట్రక్కుల్లో ఇలాంటిదే వచ్చింది. స్విచ్‌తో పాటు 20 ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి పెట్టి ముల్లును మధ్యలో నిలబెట్టేవారు. మజ్దా ఎంఎక్స్-5లో మొదట అసలైన గేజే ఉండేది. 1995 మోడల్ నుంచి అది కూడా ఈ వరుసలో చేరింది. ముల్లు ఊగితే కొన్నవాళ్లకు టెన్షన్, టెన్షన్ పడితే సర్వీస్ సెంటర్‌కు ఫోన్లు. ఆ బాధ లేకుండా ముల్లునే కట్టేశారు.

మూడోది అసలైన గేజ్. ఇంజిన్‌కు బిగించిన సెండర్ (ప్రెషర్‌ను గేజ్‌కు తెలియజేసే భాగం) లోపలి రెసిస్టెన్స్ ప్రెషర్‌తో పాటు మారుతుంది, ముల్లు దాన్ని అనుసరిస్తుంది. సెండర్‌కు ఒకటో రెండో వైర్లు ఉంటాయి.

నాలుగోది మూడు వైర్ల సెన్సర్. దానికి 5 వోల్టులు అందుతాయి, ప్రెషర్‌ను బట్టి సుమారు 0.5 నుంచి 4.5 వోల్టుల దాకా సిగ్నల్ పంపుతుంది. ఆ సిగ్నల్ ఈసీయూకి (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్‌కు) వెళ్తుంది, ఈసీయూ చెప్పినట్టు ముల్లు ఆడుతుంది. సెన్సర్ మంచిదైనా ముల్లు మెల్లగా, నున్నగా కదిలేలా సాఫ్ట్‌వేర్ సర్దేయొచ్చు. స్కానర్‌లో (ఈసీయూ లోపలి అంకెలు, కోడ్‌లు చూపే పరికరంలో) లైవ్ డేటా చూస్తే ఈ సర్దుబాటు బయటపడుతుంది. అంకె మారుతూ ముల్లు కదలకపోతే అది సాఫ్ట్‌వేర్ పని.

మీది ఏ రకమో ఒక్క ప్రయాణంలో తెలుసుకోవచ్చు:

1. రాత్రంతా ఆగిన ఇంజిన్ స్టార్ట్ చేసి, పది సెకన్ల తర్వాత ముల్లు ఎక్కడుందో ఫోటో తీయండి.
2. అరగంట నడిపి, ఆగి, ఐడిల్‌లో ఇంకో ఫోటో తీయండి.
3. గేర్ న్యూట్రల్‌లో ఉంచి 3000 ఆర్‌పీఎం దాకా పెంచి, రెండు సెకన్లు పట్టి మూడో ఫోటో తీయండి.

మూడు ఫోటోల్లో ముల్లు మూడు చోట్ల ఉంటే అది అసలైన గేజ్. చల్లగా ఉన్నప్పుడు ఎత్తులో, వేడి ఐడిల్‌లో బాగా కింద, 3000 దగ్గర మళ్లీ పైకి రావాలి. మూడింట్లోనూ వెంట్రుకవాసి తేడా లేకపోతే ఉత్తుత్తి గేజ్ అయినా అయ్యుండాలి, సాఫ్ట్‌వేర్ సర్దినదైనా అయ్యుండాలి. ఫోటోలు తీయమన్నది ఊరికే కాదు. కంటితో చూసి గుర్తుపెట్టుకుంటే మనకు కావాల్సిందే గుర్తుంటుంది.

ఉత్తుత్తి గేజ్ అని తేలితే 5వ మెట్టులోని రెసిస్టర్ పరీక్షతో మీకు పని లేదు. 3, 4 మెట్లు అయ్యాక నేరుగా 6కు వెళ్లండి.

3. సిద్ధం చేసుకోవాల్సినవి

- మీ ఇంజిన్ సర్వీస్ మాన్యువల్‌లో ఆయిల్ ప్రెషర్ పేజీ. ఏ ఆర్‌పీఎం దగ్గర, ఎంత వేడిలో, కనీసం ఎంత ఉండాలో అందులో ఉంటుంది. ఇది లేకుండా కొలిస్తే వచ్చేవి అంకెలే, అర్థం కాదు.
- 0 నుంచి 7 బార్, అంటే 0 నుంచి 100 పీఎస్ఐ చూపే మెకానికల్ గేజ్, దానికి ఆయిల్ తట్టుకునే గొట్టం
- మీ ఇంజిన్‌లో సెండర్ బిగించే రంధ్రం మరకు (థ్రెడింగ్‌కు) సరిపోయే అడాప్టర్
- సెండర్ విప్పే లోతైన సాకెట్
- మల్టీమీటర్
- కొత్త వాషర్ లేదా మరకు పూసే సీలెంట్
- పాత గుడ్డలు, చిన్న ట్రే, చేతి తొడుగులు, కళ్లద్దాలు

గేజ్ విషయంలో "పెద్దది కొంటే అన్నిటికీ పనికొస్తుంది" అనుకోవద్దు. గేజ్ మీద 1.6 క్లాస్ అని రాసి ఉంటే, పూర్తి స్కేలులో 1.6 శాతం దాకా తప్పు చూపొచ్చని అర్థం. 25 బార్ గేజ్ మీద ఆ తప్పు 0.4 బార్. మీ ఇంజిన్ వేడి ఐడిల్‌లో 0.8 బార్ చూపాల్సినదైతే అందులో సగం గేజ్ తప్పే తినేస్తుంది. 7 బార్ గేజ్‌లో అదే తప్పు 0.11 బార్.

ఇక మర సంగతి. చూపులకు అన్నీ ఒకేలా ఉండే ఈ చిన్న రంధ్రాల దగ్గరే చాలామంది బ్లాకు పాడుచేసుకుంటారు. జపాన్ కార్లలో ఎక్కువగా కనిపించేది 1/8 బీఎస్‌పీటీ, అంగుళానికి 28 మర చుట్లు. అమెరికా కార్లలో 1/8 ఎన్‌పీటీ, అంగుళానికి 27. యూరప్ కార్లలో ఎం10×1, ఎం12×1.5, ఎం14×1.5 లాంటివి. 27కూ 28కీ తేడా ఒక్కటే కదా అనిపిస్తుంది. పైగా మొదటి రెండు చుట్లు చేత్తోనే సాఫీగా ఎక్కుతాయి. మూడో చుట్టుకు గట్టిపడుతుంది. "టేపర్ (పోనుపోను సన్నబడే) మర కదా, గట్టిగానే ఉంటుంది" అనుకుని పానా వేసి తిప్పితే అల్యూమినియం మర చిరుగుతుంది. తీసిన సెండర్‌నూ అడాప్టర్‌నూ పక్కపక్కన ఆనించి వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి. పళ్లు ఈ చివరి నుంచి ఆ చివరిదాకా ఒకదాంట్లో ఒకటి కూర్చోవాలి. చివర్లో సన్నటి వెలుగు గీత కనిపిస్తే ఆ అడాప్టర్ పక్కన పెట్టేయండి.

4. పానా పట్టకముందే చూడాల్సినవి

1. బండి సమతలంగా ఉన్నచోట ఆయిల్ మట్టం చూడండి. డిప్‌స్టిక్ వాసన కూడా చూడండి. పెట్రోల్ వాసన గుప్పుమంటే ఆయిల్‌లో ఇంధనం కలుస్తోంది, పలచబడ్డ ఆయిల్ ప్రెషర్ తక్కువే ఇస్తుంది.
2. చివరిసారి ఏ గ్రేడ్ ఆయిల్ పోశారో, ఏ ఫిల్టర్ వేశారో రాసుకోండి. ఫిల్టర్‌లో ఆయిల్ వెనక్కి జారకుండా ఆపే వాల్వ్ బాగోకపోతే, పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు లైటు నాలుగైదు సెకన్లు వెలిగి ఆరుతుంది.
3. ఇగ్నిషన్ ఆన్ చేయండి, ఇంజిన్ స్టార్ట్ చేయొద్దు. లైటు వెలగాలి. వెలగకపోతే బల్బో వైరో పోయింది. వెలగని లైటును చూసి నిశ్చింతగా తిరుగుతున్నవాళ్లు మనం అనుకునేదానికన్నా ఎక్కువమందే ఉంటారు.
4. సెండర్ కనెక్టర్ ఊడదీసి లోపల చూడండి. ఆయిల్ తడి ఉంటే సెండర్ లోపలి పొర చిరిగి ఆయిల్ బయటికి తోస్తోంది. ఇక దాన్ని నమ్మాల్సిన పనిలేదు, మార్చేయండి.
5. ఎర్త్ చూడండి.

ఈ ఐదోది ఎందుకంటే, ఓసారి నా కారులో హెడ్‌లైట్లు వేసినప్పుడల్లా ఆయిల్ ముల్లు కాస్త జరిగేది. సెండర్ మార్చాను. అలాగే ఉంది. సెండరే మంచిది కాదేమోనని ఇంకోటి మార్చాను. మూడోది కొనబోతూ ఎందుకో ఇంజిన్ నుంచి బాడీకి వెళ్లే ఎర్త్ పట్టీని చేత్తో పట్టుకుంటే చివర పచ్చటి తుప్పు రాలింది. గరుకు కాగితంతో రుద్ది బిగిస్తే సరిపోయింది. ఒక్క వైరు సెండర్‌కు ఇంజిన్ బ్లాకే ఎర్త్. బ్లాకుకు ఎర్త్ సరిగా లేకపోతే సెండర్ ఎంత కొత్తదైనా గేజ్ తప్పే చెబుతుంది.

మల్టీమీటర్‌ను డీసీ వోల్టుల్లో పెట్టి, ఒక కొన బ్యాటరీ నెగటివ్‌కు, ఇంకో కొన ఇంజిన్ బ్లాకుకు ఆనించండి. ఇంజిన్ నడుస్తూ, హెడ్‌లైట్లు, ఏసీ బ్లోయర్ ఆన్‌లో ఉండగా 0.1 వోల్టు లోపే చూపాలి. తర్వాత బ్లాకుకూ బాడీకీ మధ్య కూడా ఇలాగే చూడండి. 0.2 దాటితే ముందు ఎర్త్ బాగుచేసుకుని, ఆ తర్వాతే మిగతా మెట్లు.

5. గేజ్‌నూ వైరునూ విడిగా పరీక్షించండి

ముందే ఒక హెచ్చరిక. ఇది ఒకటి రెండు వైర్ల పాత తరహా సెండర్లకు మాత్రమే. మూడు వైర్ల సెన్సర్ కనెక్టర్‌లో వైర్లను ఒకదానికొకటి గానీ, ఎర్త్‌కు గానీ కలపొద్దు, ఈసీయూ దెబ్బతినొచ్చు.

1. ఇంజిన్ ఆపి, ఇగ్నిషన్ ఆఫ్ చేసి సెండర్ వైరు తీయండి.
2. ఇగ్నిషన్ ఆన్ చేసి ముల్లు ఎటు వెళ్లిందో చూడండి.
3. వైరు కొనను ఒక్క క్షణం బ్లాకుకు తాకించి తీయండి. ముల్లు రెండో చివరకు వెళ్లాలి.

ఏ చివర అన్నది గేజ్ తయారీని బట్టి ఉంటుంది. 240 నుంచి 33 ఓమ్‌ల రకంలో వైరు తీస్తే సున్నా, ఎర్త్ చేస్తే ఫుల్. 10 నుంచి 180 ఓమ్‌ల యూరప్ రకంలోనూ, 0 నుంచి 90 ఓమ్‌ల జనరల్ మోటార్స్ రకంలోనూ దీనికి రివర్స్. ఏదైనా ఫరవాలేదు, ముల్లు రెండు చివరలకూ స్వేచ్ఛగా వెళ్తే గేజ్, వైరు బతికే ఉన్నట్టు.

బతికి ఉండటం వేరు, సరిగ్గా చూపడం వేరు. అది తెలియాలంటే సెండర్ బదులు, విలువ తెలిసిన రెసిస్టర్‌ను వైరుకూ ఎర్త్‌కూ మధ్య పెట్టాలి. 5 వాట్ల రెసిస్టర్ తీసుకోండి, చిన్నవి వేడెక్కి కాలొచ్చు. 10–180 రకంలో 10 ఓమ్‌లకు ముల్లు సున్నా మీద, 180కి స్కేలు చివర నిలబడాలి. అటూ ఇటూ పోతే తేడా గేజ్‌లోనే ఉంది. ఆయిల్ గేజ్‌తో పాటు పెట్రోల్, టెంపరేచర్ ముళ్లు కూడా తప్పు చూపుతుంటే సెండర్ల జోలికి పోకండి. గేజ్‌లకు కరెంటు ఇచ్చే వోల్టేజ్ స్టెబిలైజర్‌నో, క్లస్టర్ (గేజ్‌లన్నీ ఉన్న పలక) ఎర్త్‌నో చూడండి.

మూడు వైర్ల సెన్సర్ అయితే స్కానర్‌తో పని. పీ0520 అంటే సర్క్యూట్ లోపం, పీ0521 అంటే సిగ్నల్ ఉండాల్సిన పరిధిలో లేదు, పీ0522 సిగ్నల్ బాగా తక్కువ, పీ0523 బాగా ఎక్కువ. ఇవి సెన్సర్ వైపు వేలు చూపే కోడ్‌లు. పీ0524 కనిపిస్తే మాత్రం కూర్చుని వైర్లు వెతకొద్దు. ప్రెషరే తక్కువని ఈసీయూ అంటోంది, వెంటనే మెకానికల్ గేజ్ పెట్టండి.

6. మెకానికల్ గేజ్ బిగించడం

ఇంజిన్ గోరువెచ్చగా ఉన్నప్పుడు చేయండి. వేడి ఆయిల్ 100 డిగ్రీలు దాటి ఉండొచ్చు, చేయి కాలితే పానా ఎక్కడ పడుతుందో చెప్పలేం.

1. బ్యాటరీ నెగటివ్ తీసేయండి. సెండర్ చాలాసార్లు స్టార్టర్ పక్కనే ఉంటుంది.
2. సెండర్ చుట్టూ మట్టి తుడిచి, కింద గుడ్డ పెట్టి విప్పండి. రెండు మూడు చెంచాల ఆయిల్ కారుతుంది. భయపడొద్దు.
3. అడాప్టర్‌ను కనీసం మూడు చుట్లు చేత్తోనే ఎక్కించండి. ఎక్కకపోతే మర తేడా.
4. తిన్నటి మెట్రిక్ మరకు కొత్త వాషర్ వేయండి. టేపర్ మరకు సీలెంట్ పూయండి, కొసన ఉన్న రెండు చుట్లు వదిలేసి.
5. గొట్టాన్ని ఎగ్జాస్ట్, ఫ్యాన్, బెల్టులకు దూరంగా తిప్పి కట్టండి. గేజ్‌ను ఊగకుండా ఎక్కడైనా వేలాడదీయండి.
6. బ్యాటరీ కలిపి, ఇంకొకరిని స్టార్ట్ చేయమని మీరు బిగింపు వైపు చూడండి. చుక్క కారినా ఆపించండి.

గొట్టంలో గాలి ఉంటే రీడింగ్ తప్పు వస్తుందేమోనని అడుగుతారు. రాదు. ఆ గాలి ప్రెషర్ కూడా ఆయిల్‌ ప్రెషరే. ముల్లు వణుకు కొంచెం తగ్గుతుంది, అంతే.

రోడ్డు మీద నడిపి చూడాలనుకుంటే గొట్టాన్ని కారు లోపలికి తీసుకురావొద్దు. బానెట్ వెనక అంచు నుంచి గేజ్‌ను బయటికి తీసి ముందు అద్దం మీద బయటివైపు టేపుతో అంటించండి. గొట్టం చిట్లితే పాడయ్యేది అద్దమే, మీ కాళ్లు కాదు.

వీలైతే టీ-జాయింట్ (ఒక రంధ్రాన్ని రెండు దారులుగా చీల్చే జాయింటు) పెట్టి పాత సెండర్‌నూ మెకానికల్ గేజ్‌నూ ఒకేసారి నడపండి. ఇదే అసలైన పరీక్ష. ఒకే క్షణంలో ఇద్దరూ ఏం చెబుతున్నారో పక్కపక్కన కనిపిస్తుంది. మూడు వైర్ల సెన్సర్ తీసేస్తే కొన్ని కార్లలో ఈసీయూ ఇంజిన్ శక్తిని తగ్గించేస్తుంది కాబట్టి వాటికి టీ-జాయింటే మార్గం. పరీక్ష అయ్యాక మాత్రం దాన్ని తీసేయండి. చిన్న ఇత్తడి జాయింటుకు బరువైన సెండర్ వేలాడుతూ నెలల తరబడి వణికితే మెడ దగ్గర విరుగుతుంది.

7. రీడింగులు తీసే వరుస

వరుస మార్చొద్దు. చల్లటి రీడింగ్ మళ్లీ కావాలంటే మర్నాడు పొద్దుటిదాకా ఆగాలి.

1. చల్లటి స్టార్ట్: పది సెకన్ల దగ్గర మెకానికల్ రీడింగ్, డాష్‌బోర్డు రీడింగ్
2. కనీసం 20 నుంచి 30 నిమిషాలు నడపండి
3. వేడి ఐడిల్: ఏసీ ఆఫ్, ఆర్‌పీఎం ఎంతో రాయండి
4. 1000, 2000, 3000 ఆర్‌పీఎం: ఒక్కోటి ఐదు సెకన్లు
5. మళ్లీ ఐడిల్
6. ఇంజిన్ ఆపాక రెండు గేజ్‌లూ సున్నాకు వచ్చాయా

రెండో వరుసలో కక్కుర్తి పడొద్దు. కూలెంట్ ముల్లు మధ్యకు రాగానే ఇంజిన్ వేడెక్కిందనుకుంటాం. ఆయిల్ వేడెక్కడానికి ఇంకా చాలాసేపు పడుతుంది. నిలబెట్టి ఐడిల్‌లో వేడిచేస్తే ఇంకా ఆలస్యం. చాలా "మంచి" రీడింగులు సగం వేడెక్కిన ఆయిల్ ఇచ్చినవే.

8. వచ్చిన అంకెలను ఎలా చదవాలి

ప్రతి 1000 ఆర్‌పీఎంకు 10 పీఎస్ఐ ఉండాలన్న సూత్రం అందరి నోటా వినిపిస్తుంది. పిడుక్కీ బియ్యానికీ ఒకే మంత్రం లాంటిది ఇది. జనరల్ మోటార్స్ ఎల్‌ఎస్ వీ8 ఇంజిన్లకు కంపెనీ ఇచ్చిన కనీస వేడి ప్రెషర్ 1000 దగ్గర 6 పీఎస్ఐ, 2000 దగ్గర 18, 4000 దగ్గర 24. ఆ సూత్రం ప్రకారం ఇవి ఎప్పుడో పట్టేసుకుపోవాల్సిన ఇంజిన్లు. చాలా టొయోటా పెట్రోల్ ఇంజిన్లకు ఐడిల్‌లో కనీసం 29 కిలోపాస్కల్, అంటే 0.3 బార్ ఉంటే చాలంటుంది మాన్యువల్. అందుకే ముందే ఆ పేజీ దగ్గర పెట్టుకోమన్నది.

రెండు గేజ్‌లూ కలిస్తే, అంకెలు మాన్యువల్‌కు సరిపోతే పని అయిపోయింది. అన్ని చోట్లా ఒకే నిష్పత్తిలో తేడా ఉంటే మీ గేజ్ తప్పు చెబుతున్నా నిలకడగా చెబుతోంది, ఆ తేడా తెలుసుకుని వాడుకోవచ్చు. డాష్‌బోర్డు ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ చూపితే సెండరో ఎర్తో చూడాలి.

మెకానికల్ బాగుండి డాష్‌బోర్డు తక్కువ చూపితే సెండర్, వైరు, ఎర్త్. కొన్ని జనరల్ మోటార్స్ వీ8 ఇంజిన్లలో సెన్సర్ కింద చిన్న జల్లెడ ఉంటుంది. అది మడ్డితో మూసుకుపోతే సెన్సర్ దాకా ప్రెషర్ చేరదు. కొత్త సెన్సర్ వేసినా అదే కథ. జల్లెడ మారిస్తేనే తీరుతుంది.

రెండూ తక్కువ చూపితే ఇక గేజ్‌ను తిట్టి లాభం లేదు. ఖర్చు తక్కువ ఉన్నదాని నుంచి వెళ్లండి:

- ఆయిల్ మట్టం, సరైన గ్రేడ్, ఇంధనం కలవడం
- ఫిల్టర్
- ప్రెషర్ రిలీఫ్ వాల్వ్ (ఎక్కువైన ప్రెషర్‌ను వదిలేసే వాల్వ్) తెరుచుకుని ఇరుక్కోవడం
- ఆయిల్ చాంబర్‌లో జాలీ మూసుకుపోవడం, దాని పైపు ఓ-రింగ్ గట్టిపడి గాలి పీల్చడం
- పంపు అరుగుదల
- క్రాంక్, కామ్ బేరింగుల అరుగుదల

ఏ వేగంలో తక్కువ ఉందన్నది కూడా దారి చూపుతుంది. ఐడిల్‌లో తక్కువగా ఉండి 3000 దగ్గర మామూలుగా ఉంటే పలచటి ఆయిల్, లేదా బేరింగుల దగ్గర ఖాళీ పెరగడం. ఆర్‌పీఎం పెంచుతుంటే ముందు పెరిగి తర్వాత పడిపోతే పంపుకు ఆయిల్ అందడం లేదు, జాలీ వైపు చూడండి. మలుపుల్లో, గట్టిగా బ్రేకు వేసినప్పుడు పడి లేస్తుంటే మట్టం తక్కువ.

కొత్త ఇంజిన్లలో ప్రెషర్‌ను అవసరాన్ని బట్టి మార్చే పంపులు ఉంటున్నాయి. ఇంధనం ఆదా కోసం తక్కువ వేగాల్లో ఈసీయూ కావాలనే ప్రెషర్ తగ్గిస్తుంది, ఒక వేగం దాటగానే మెట్టు ఎక్కినట్టు పెంచుతుంది. అలాంటి ఇంజిన్‌లో ఐడిల్ రీడింగ్ చూసి బేరింగులు పోయాయని తీర్పు చెప్పొద్దు.

ప్రెషర్ ఎంత ఎక్కువుంటే అంత మంచిదన్న భ్రమ కూడా ఉంది. వేడి ఇంజిన్‌లోనూ మాన్యువల్ పరిధి దాటి ఎక్కువ చూపితే చిక్కటి ఆయిల్ పోసి ఉండొచ్చు, లేదా రిలీఫ్ వాల్వ్ మూసుకుని ఇరుక్కుని ఉండొచ్చు. చల్లటి ఇంజిన్‌లో ఎక్కువ చూపడం మామూలే.

9. సెండర్ మార్చేటప్పుడు జరిగే తప్పులు

*ఓమ్‌లు చూసి బార్ మరిచిపోవడం.* 10–180 ఓమ్‌ల సెండర్లు 5 బార్‌కూ దొరుకుతాయి, 10 బార్‌కూ దొరుకుతాయి. 5 బార్ గేజ్‌కు 10 బార్ సెండర్ వేస్తే ప్రెషర్ సుమారు సగమే కనిపిస్తుంది. ఉన్న ఇంజిన్ మంచిదే, పోయేది నిద్ర. పాత సెండర్ మీద ముద్రించిన పరిధి చూసి అదే కొనండి.

*రెండు టెర్మినళ్లు తారుమారు చేయడం.* గేజ్‌కూ లైటుకూ కలిపి ఒకే సెండర్ ఉన్నచోట వీడీఓ కంపెనీ తరహా వాటిలో జీ అన్నది గేజ్‌కు, డబ్ల్యూకే అన్నది లైటుకు.

*టెఫ్లాన్ టేపు పొరలు పొరలుగా చుట్టడం.* ఒక్క వైరు సెండర్‌కు మరే ఎర్త్ దారి. టేపు మందంగా ఉంటే ఆ దారి తెగుతుంది. తెగిన టేపు ముక్క ఆయిల్ దారిలోకి వెళ్తే అది ఇంకో తలనొప్పి. బిగించాక మల్టీమీటర్‌తో సెండర్ ఒంటికీ బ్లాకుకూ మధ్య చూడండి, 1 ఓమ్ లోపు ఉండాలి.

*డబ్బా లాంటి సెండర్‌ను దాని పైరేకు పట్టుకుని తిప్పడం.* కింద షట్కోణం మీదే పానా వేయండి. టార్క్ మాన్యువల్‌లో ఉన్నంతే.

*ప్రెషర్ తక్కువుందని చిక్కటి ఆయిల్ పోయడం.* ముల్లు పైకి లేస్తుంది. అరిగినది అరిగినట్టే ఉంటుంది, స్టార్టింగ్‌లో ఆయిల్ పైకి చేరడం ఇంకా ఆలస్యమవుతుంది.

ఉత్తుత్తి గేజ్ ఉన్నవాళ్లు స్విచ్ తీసి అసలు సెండర్ పెట్టొచ్చా అని అడుగుతారు. కొన్ని పాత మోడళ్లలో రెసిస్టర్‌ను దాటేసి సెండర్ మారిస్తే అదే ముల్లు నిజంగా పనిచేస్తుంది. ఈసీయూ మధ్యలో ఉన్న కార్లలో కుదరదు. అక్కడ కంపెనీ లైటును దాని మానాన వదిలేసి, విడిగా ఎలక్ట్రిక్ గేజ్ ఒకటి పెట్టుకోవడం నయం.

10. చివరి తనిఖీ

- టీ-జాయింట్, గొట్టం తీసేశారు
- కొత్త వాషర్ లేదా సీలెంట్‌తో సెండర్ బిగించారు
- ఇంజిన్ ఐదు నిమిషాలు నడిచాక గుడ్డతో తుడిస్తే తడి లేదు
- ఇగ్నిషన్‌లో లైటు వెలిగింది, స్టార్ట్ కాగానే ఆరింది
- స్కానర్‌లో పాత కోడ్‌లు చెరిపేశారు
- ఆయిల్ మట్టం మళ్లీ చూశారు

వేడి ఐడిల్‌లోనూ, 3000 దగ్గరా మెకానికల్ గేజ్ చూపిన అంకెలు, అప్పుడు డాష్‌బోర్డు ముల్లు ఉన్న చోటు, ఆయిల్ గ్రేడ్, కిలోమీటర్లు ఒక చీటీ మీద రాసి బానెట్ లోపలివైపు అంటించండి. ఏడాది తర్వాత ముల్లు కిందికి దిగినట్టు అనిపించిన రోజున మీరు వెతికేది ఆ చీటీనే.